ఫిర్యాదు లేని గొంతు

నూకరాజు తిట్లు లంకించుకున్నాడంటే వీధి చివర టీ కొట్టువాడు కూడా ఫోను పక్కన పెట్టి వింటాడని కాకినాడలో పేరు. అలాంటి నూకరాజు ఆ రోజు జగన్నాథపురంలో ఒక ఇంటి ముందు నిలబడి, "ఒరే సన్నాసెదవా, బండి ఎక్కడ దాచేవో చెప్పకపోతే..." అని ఎత్తుకుని అక్కడితో ఆగిపోయాడు. నోరు ఆడుతూనే ఉంది, చేతులు ఊగుతూనే ఉన్నాయి, మాట మాత్రం లేదు. సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సన్నటి చప్పుడొకటి వస్తోంది. బాకీదారు కాసేపు బిత్తరపోయి చూసి, తరవాత గుమ్మానికి ఆనుకుని పడీ పడీ నవ్వాడు. లోపల్నుంచి పెళ్ళాం పిల్లలు వచ్చి వాళ్ళూ నవ్వారు.

నూకరాజు మెడకున్న పట్టీ మీద ఎర్రదీపం వెలుగుతోంది. గొంతులో బెదిరింపు పసిగట్టగానే ఆ పట్టీ కంఠనాళానికి చిన్న కరెంటు వదులుతుంది. నొప్పి ఉండదు, స్వరతంతువులు కలవవంతే. ఊపిరి వస్తుంది, మాట రాదు. కోపం తగ్గాక మళ్ళీ అదే విడిచిపెడుతుంది. నూకరాజు కోపం ఇప్పట్లో తగ్గేదిలా లేదు.

గేటు దగ్గర చెప్పులు విడిచి, వెనకగా నిలబడ్డ భీమశంకరం అప్పుడు ముందుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో బడిపంతులులా ఉంటాడు. అతని మెడకీ పట్టీ ఉంది. దానిమీద దీపం పచ్చగా ఉంది.

"ఏమీ అనుకోకండి బాబూ. మావాడికి కాస్త తొందర. ఎండన పడి వచ్చాం, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అండి?"

నవ్వులు ఆగిపోయాయి. ఇంటావిడ గ్లాసు తెచ్చింది. భీమశంకరం అరుగు మీద కూర్చుని, ఒక్కో గుక్కా ఆస్వాదిస్తూ తాగాడు. గ్లాసు తిరిగి ఇస్తూ, "మీ పెద్దమ్మాయి పాలిటెక్నిక్కులో చేరిందట కదండీ, సంతోషం. బస్సులో వెళ్తోందా, మీరే దింపుతున్నారా?" అని అడిగాడు.

బాకీదారు పెళ్ళాం వంక చూశాడు. పెళ్ళాం నేల వంక చూసింది. తరవాత ఆయన లోపలికి వెళ్ళి బండి తాళం తెచ్చి, రెండు చేతులతో భీమశంకరం చేతిలో పెట్టాడు. బండి బావమరిది దొడ్లో ఉందని అడక్కుండానే చెప్పాడు. పట్టీ మీద పచ్చదీపం పచ్చగానే ఉంది.

అప్పు వసూలుకి తిరిగేవాళ్ళకీ, బాకీపడ్డ బళ్ళు పట్టుకొచ్చేవాళ్ళకీ ఇకమీదట లైసెన్సు ఉండి తీరాలని చట్టం వచ్చి కొన్ని నెలలే అయింది. పాతవాళ్ళందర్నీ ఒక్కసారి ఇంటికి పంపితే పని ఆగిపోతుంది. అందుకని ఏడాది గడువు పెట్టి, చేతికి తాత్కాలిక అనుమతి, మెడకి పట్టీ ఇచ్చారు. పట్టీ లేకుండా గడప తొక్కితే తనిఖీ దళం జీపులో ఎక్కించుకుపోతుంది. పట్టీ పెట్టుకుని కూడా మాటిమాటికీ గొంతు పోగొట్టుకుంటే అనుమతి రద్దవుతుంది. గడువు ముగిసే నాటికి నిలబడ్డవాళ్ళకే పక్కా లైసెన్సు. నూకరాజు లాంటి వాళ్ళు బొక్కబోర్లా పడ్డారని వేరే చెప్పక్కర్లేదు.

భీమశంకరం దీపం మాత్రం ఏ రోజూ ఎర్రబడలేదు, పడే ప్రశ్న కూడా లేదు. పట్టీకి మర్యాద నేర్పింది అతని గొంతే.

అది ఎలా జరిగిందంటే, సర్పవరం జంక్షన్ దగ్గర ఒక మేడమీద స్వర పరిశోధనశాల ఉంది. పట్టీ తయారు చేసింది అక్కడే. పెద్ద డాక్టరు ఫరీదాది కర్నూలు. చురుకైన మనిషి, మాట ఖండితంగా ఉంటుంది. ఏది బెదిరింపో యంత్రానికి నేర్పడం ఆవిడకి కష్టం కాలేదు, తిట్లకి కరువా మనకి? ఏది బెదిరింపు కాదో నేర్పడం దగ్గర చిక్కొచ్చింది. ఈ వృత్తిలో ఉండీ ఎవర్నీ బెదిరించని గొంతు ఒకటి నమూనాగా కావాలి. రాష్ట్రంలో వసూలు మనుషుల మీద వచ్చిన ఫిర్యాదులన్నీ జల్లెడ పట్టించింది. ఇరవై ఏళ్ళకి పైబడి ఇదే పనిలో ఉండి, ఒక్క ఫిర్యాదు కూడా లేని మనిషి ఒక్కడే తేలాడు. మేడిశెట్టి భీమశంకరం.

అద్దాల గదిలో కూర్చోబెట్టి కొన్ని వారాలపాటు మాట్లాడించారు. బాకీదారు తలుపు తియ్యకపోతే ఏమంటారు, ఏడిస్తే ఏమంటారు, కొట్టడానికొస్తే ఏమంటారు. అన్నిటికీ అతను ఒకే స్థాయిలో, ఒకే తీరున జవాబిచ్చాడు. ఆఖరి రోజున ఫరీదా, "అందరూ మీలా మాట్లాడితే చాలు శంకరంగారూ, నాకు పట్టీతో పనుండదు," అంది. భీమశంకరం తల వంచుకుని నవ్వాడు. ఆ మాట ఇంటికెళ్ళేదాకా చెవిలో మోగుతూనే ఉంది. నిజంగా పొంగిపోయాడు.

ఇంట్లో చెప్పాడు కూడా. భార్య రత్నావతి "మంచిదండి," అని కంచం పెట్టింది. ఆ ఇంట్లో మాటలు అంతే. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో అతను గొంతు పెంచలేదు, చెయ్యెత్తలేదు. చారు పలచగా ఉన్నట్టుందే అంటే చాలు, గిన్నె తీసుకెళ్ళి మళ్ళీ కాచి తెచ్చేది. కూతురు హైమ చిన్నప్పుడు ఎంత అల్లరి చేస్తున్నా అతని చెప్పుల చప్పుడు వినగానే పుస్తకం పట్టేది. తోటివాళ్ళు కుళ్ళుకునేవారు, నీ ఇల్లు గుడిలా ఉంటుందయ్యా అని. భీమశంకరం కూడా అలాగే అనుకున్నాడు. తన మాటలో ఏముందో అతనికి తెలియదంటే అబద్ధం, తెలుసంటే సగమే నిజం. పనిలో అది పనికొస్తుందని తెలుసు. ఇంటికి కూడా దాన్ని వెంటబెట్టుకొస్తున్నానని ఎప్పుడూ అనుకోలేదు.

పట్టీలు రాష్ట్రమంతా పంచాక విచిత్రం జరిగింది. తిట్టినవాడి గొంతు పోతోంది, అరిచినవాడి గొంతు పోతోంది. ఏం చేస్తారు, పొట్టకూటికి ఏ గొంతు చెల్లుతుందో ఆ గొంతే నేర్చుకున్నారు. భీమశంకరాన్ని ఊరూరా తిప్పి శిక్షణ ఇప్పించారు. కొన్నాళ్ళకే అనంతపురంలోనైనా, శ్రీకాకుళంలోనైనా, వసూలుకి వచ్చినవాడు చెప్పులు విడిచి, మంచినీళ్ళడిగి, పిల్లల చదువు గురించి వాకబు చేస్తున్నాడు. యాస ఎవరిది వారిదే, తీరు మాత్రం ఒక్కటే. ఫిర్యాదులు నిలిచిపోయాయి. మంత్రిగారు సభలో ఆ విషయం చెబితే చప్పట్లు కొట్టారు.

బళ్ళు తెచ్చి పెట్టే యార్డుకి భీమశంకరం ఒకరోజు వెళ్ళాడు. ఆటోల మధ్య కుట్టుమిషనొకటి ఉంది. దాని పక్కన గ్యాసు పొయ్యి, చంటిపిల్లల ఉయ్యాల, గోడగడియారం. ఇవేమిటని కాపలావాణ్ణి అడిగాడు.

"ఎవరూ అడగలేదంటండి. బాకీపడ్డోళ్ళే తెచ్చి ఇచ్చేత్తన్నారంట. వద్దన్నా బండిలో ఎట్టేత్తన్నారంట."

ఫరీదాకి చెబితే ఆవిడ దాన్ని సహకారం కింద రాసుకుంది. నూకరాజు మాత్రం అలా అనుకోలేదు. అనుమతి రద్దై ఆ రోజు యార్డు బయట బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. భీమశంకరాన్ని చూసి లేచాడు.

"ఓ మాటంటాను, తప్పుగా అనుకోకండి శంకరంగారూ. నేను తిడితే ఆళ్ళూ తిట్టేవోరండి. కాలరట్టుకునేవోరు. ఇద్దరం అలిసిపోయి, ఆకర్ని ఓ వాయిదాకొచ్చేవోళ్ళం. మీరడిగితే మడిసి తిరిగి ఏవీ అనలేడండి. అనడానికి మీరేవీ అనలేదు కదా మరి."

భీమశంకరం చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. కడుపుమంట మనిషిచేత ఏమైనా అనిపిస్తుంది కదా అనుకున్నాడు.

గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా తుని నుంచి అల్లుడు త్రినాథ్ ఫోను చేశాడు. త్రినాథ్ ట్రక్కు ఆటోలో చేపల రేవు నుంచి సరుకు తోలుతాడు, నోటి దురుసు ఉన్న కుర్రాడు. మామగారితో మాత్రం ఆచితూచి మాట్లాడతాడు. ఆ రోజు అదేం లేదు.

"మావయ్యగారూ, బండి పట్టుకుపోయారండి. వాయిదా కట్టేసేనండి, రసీదు ఫోన్లో ఉంది. వసూలుకొచ్చినోడు పాత లిస్టట్టుకుని వచ్చేడు. మీ అమ్మాయికి అన్నీ తెల్సు. చూపిత్తే ఎల్లిపోయేవోడు. తాళం తీసి ఇచ్చేసిందండి. గ్రైండరు కూడా ఇచ్చేసింది. ఎందుకిచ్చావే అంటే మాటాడదు. రేవులో సరుకంతా కుళ్ళిపోయింది."

భీమశంకరం మధ్యాహ్నం బస్సుకి తుని వెళ్ళాడు. త్రినాథ్ యార్డు చుట్టూ తిరగడానికి పోయాడు. హైమ ఒక్కతే ఉంది. తండ్రిని చూడగానే కొంగు సర్దుకుని, లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. వంటింట్లో గ్రైండరు ఉండాల్సిన చోట గచ్చు మీద గుండ్రటి మరక ఉంది.

"రసీదు ఉందిట కదమ్మా?"

"ఉందండి నాన్నగారూ."

"మరి చూపించలేదేం?"

హైమ తల దించుకుంది. తప్పు చేసిన పిల్లలా నిలబడింది. తన ప్రశ్న తన చెవికే మొదటిసారి వినిపించింది అతనికి. ఆ 'మరి' అనడం, ఆ పిమ్మట ఆగడం, ఎదటివాళ్ళు నింపాల్సిన ఆ ఖాళీ. శిక్షణలో తనే నేర్పాడు, అక్కడ తొందరపడకూడదని.

"ఏమన్నాడమ్మా అతను? బెదిరించాడా?"

"లేదండి. చాలా మర్యాదగా మాట్లాడాడు." హైమ తల ఎత్తకుండానే అంది. "మీలాగే మాట్లాడాడండి."

వీధిలో ఎవరో గిన్నెలమ్మేవాడు కేకేసుకుంటూ పోయాడు. భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. "నేనంటే భయమా నీకు?"

"లేదండి నాన్నగారూ," అంది హైమ వెంటనే. బాకీదార్లు ఇదే వేగంతో, ఇదే తీరుగా, లేదండి ఇబ్బందేం లేదండి అనడం అతను కొన్ని వేలసార్లు విని ఉంటాడు. అప్పుడు వాళ్ళ మాట నమ్మేవాడు కాదు. నమ్మకపోవడమే అతని పనితనం. కూతురి మాట కూడా నమ్మలేకపోయాడు.

మర్నాడు హైమని వెంటబెట్టుకుని, నూకరాజుని కూడా రమ్మని, సర్పవరం మేడ ఎక్కాడు. ఫరీదా అప్పటికే హడావుడిగా ఉంది. గడువు ముగియగానే నమూనా గొంతు ఖాయమవుతుంది, ఇక మార్చడం కుదరదు. మొదటి పక్కా లైసెన్సు భీమశంకరానికే ఇస్తారు. శిక్షణకి పెద్ద ఉద్యోగం కూడా సిద్ధంగా ఉంది.

"డాక్టరమ్మగారూ, మీ పట్టీ మాట్లాడేవాణ్ణి కొలుస్తుంది. వినేవాళ్ళని కొలవడానికి ఏమైనా ఉందాండి?" అని అడిగాడు.

ఉంది. రెండు గజాల దూరం నుంచి మనిషి మెడనరం కొట్టుకోవడాన్ని పసిగట్టే చిన్న గాజుకన్ను. మొదట్లో దాన్ని పట్టీలోనే పెట్టాలనుకున్నారు. చట్టంలో బెదిరింపంటే మాట, గొంతు, ఫిర్యాదు అని మాత్రమే ఉంది, ఎదటివాడి గుండె సంగతి లేదు. అందుకని బీరువాలో పడేశారు.

ఫరీదా దాన్ని తీసి బల్లమీద పెట్టింది. ఎదురుగా హైమని కూర్చోబెట్టింది. గోడమీది తెరమీద ఒక గీత మెల్లగా పాకసాగింది.

ముందు నూకరాజుని తిట్టమన్నారు. పట్టీ తీసేశారు కనక అతను ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి కక్కాడు. హైమ తాత ముత్తాతల దాకా వెళ్ళొచ్చాడు. గీత ఒకసారి ఉలిక్కిపడి, మళ్ళీ సర్దుకుంది. హైమకి నవ్వు కూడా వచ్చింది. "ఏంటి బాబాయ్ ఆ మాటలు, నీ ఇంట్లో ఆడోళ్ళు లేరా," అంది. నూకరాజు సిగ్గుపడి తల గోక్కున్నాడు.

తరవాత భీమశంకరం వచ్చి కూతురి ఎదుట కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తోచలేదు. తను పరీక్షించేది గొంతుని కాదనీ, తన బతుకునేననీ అతనికి తెలుసు. గీత లేవకపోతే లైసెన్సూ ఉంటుంది, కూతురూ ఉంటుంది. లేవకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

"హైమా, అన్నం తిన్నావా తల్లీ?" అన్నాడు.

"తిన్నానండి," అంది హైమ. మొహంలో ఏమీ లేదు, చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. గోడమీద గీత మాత్రం పరుగులాంటి వేగంతో పైకీ కిందికీ కొట్టుకుంటోంది. ఫరీదా యంత్రం పాడైందేమోనని ఒకసారి ఆపి మళ్ళీ పెట్టింది. అదే గీత.

హైమ తల తిప్పి తెర వంక చూసింది. తన గుండె తనని పట్టిచ్చేసిందని అర్థమై ఏడుపు మొదలుపెట్టింది. "మీరేమీ అనరని నాకు తెలుసు నాన్నగారూ," అంది. "తెలిసినా ఆగదండి."

భీమశంకరం ఓదార్చబోయి, నోరు తెరిచి, మూసుకున్నాడు. ఏ మాట అన్నా ఆ గీత ఇంకా లేస్తుంది.

ఫరీదా వంక తిరిగాడు. "నమూనాలోంచి నా గొంతు తీసేయండమ్మా."

"తీసేస్తే ఏమవుతుందో తెలుసా శంకరంగారూ?" అంది ఫరీదా. ఆవిడ గొంతులో కరుకుదనం తగ్గింది. "గాజుకన్ను పెట్టి పట్టీని మొదట్నుంచి తయారు చెయ్యాలి. ఆ పట్టీ ముందు మిమ్మల్నే ఆపుతుంది. లైసెన్సు రాదు. మీకింకే పనీ తెలియదు కూడా."

"తెలీదండి."

"గడువు పొడిగించమని నేను లైసెన్సు మండలికి చెప్పాలి. ఫిర్యాదులు లేకపోవడమే తప్పని చెప్పాలి. నా ఉద్యోగం ఉంటుందో లేదో."

"నాకు ఇరవై ఏళ్ళపైన ఒక్క ఫిర్యాదూ రాలేదమ్మా. ఇదిగో, ఇదొకటి రాసుకోండి," అని భీమశంకరం తెర వంక చూపించాడు.

ఫరీదా చెప్పింది. మండలి గోల చేసింది, పత్రికలు ఇంకో గోల చేశాయి, చివరికి గడువు పొడిగించారు. త్రినాథ్ బండి తిరిగొచ్చింది. యార్డులోని ఉయ్యాలలూ కుట్టుమిషన్లూ ఎవరివి వాళ్ళకి చేర్చే పని నూకరాజుకి అప్పజెప్పారు. తలుపు తట్టి, "మీ సామాను మీరట్టుకోండెహె, మా నెత్తినెందుకు," అని అరుస్తుంటే అతని కొత్త పట్టీ పచ్చగానే వెలుగుతోందిట.

భీమశంకరం అనుమతి రద్దయింది. తనిఖీ దళం వాళ్ళు వచ్చి పాత పట్టీ తీసుకుపోయారు. వెళ్ళి ఫరీదాని కొత్త పట్టీ ఒకటి అడిగాడు. ఎందుకని ఆవిడ అడిగింది.

"ఇంట్లోకి కావాలండి."

ఆదివారం మధ్యాహ్నం గాజుకన్నున్న ఆ పట్టీని మెడకి పెట్టుకుని, వంటింటి గుమ్మం పక్కన పీట మీద కూర్చున్నాడు. రత్నావతి వంకాయ కూర వడ్డించింది. ఇదేమిటని ఆవిడ అడగలేదు. ఆ ఇంట్లో అడిగే అలవాటు లేదు. అతనే చెబుదామని, "రత్నా, ఇది ఎందుకంటే," అనబోయాడు. రత్నా దగ్గరే గొంతు ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. దీపం ఎర్రగా ఆవిడ కళ్ళ ముందు వెలుగుతోంది.

రత్నావతి గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. హైమ ఆవిడకి అంతా చెప్పే ఉంటుంది. చాలాసేపు ఆ ఎర్రదీపం వంకే చూసి, గరిటె గిన్నెలో పెట్టి, అతని ఎదురుగా నేలమీద కూర్చుంది. అలా కూర్చోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

"హైమ తరవాత నాకు ఇంకో కడుపు నిలిచిందండి," అంది. "నాలుగో నెలలో పోయింది. మీరు క్యాంపులో ఉన్నారు. మా అక్క వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మీరొచ్చేసరికి లేచి వంట చేసేశాను. చెప్పలేదు. మీరు తిట్టరని తెలుసు. నెమ్మదిగా ఏదో ఒకటి అడుగుతారు. దానికి జవాబు చెప్పడానికి భయమేసింది."

భీమశంకరం కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది. పాతికేళ్ళ నాటి ఒక మధ్యాహ్నం, భార్య మొహం తెల్లగా ఉన్న రోజొకటి, గుర్తొచ్చీ రానట్టు గుర్తొచ్చింది. ఏదో ఒకటి చెప్పాలి. ఎడమచేత్తో మెడవెనక పట్టీ విప్పబోయాడు.

రత్నావతి చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనివ్వండి," అంది. "నేనింకా చెప్పడం అవలేదు."